సిస్కో 3850 స్విచ్‌లు తీసి 9300లు పెడుతున్నాం, ఎస్‌డీ-యాక్సెస్‌కి కూడా అదే వీకెండ్‌లో మారిపోమంటున్నారు, చేయొచ్చా?

గచ్చిబౌలి_యాక్సెస్_లేయర్

అందరికీ నమస్తే అండి. గచ్చిబౌలిలో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీ, నెట్‌వర్క్ టీమ్‌లో చేస్తున్నా. రెండు బిల్డింగులు, యాక్సెస్‌లో ఎక్కువగా కాటలిస్ట్ 3850 స్టాక్‌లు, పాత ఫ్లోర్లలో 2960ఎక్స్‌లు కూడా ఉన్నాయి, కోర్‌లో 4500ఎక్స్ జత. 3850లకి సిస్కో సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది కదా, ఒక క్లయింట్ ఆడిట్‌లో అది రెడ్‌లో పడింది, దాంతో ఇన్నేళ్లూ కదలని బడ్జెట్ ఒక్కసారిగా కదిలింది. ఫ్లోర్లకి 9300లు, కోర్‌కి 9500లు, ఐఎస్ఈ (ఎవరిని నెట్‌వర్క్‌లోకి రానివ్వాలో తేల్చే సర్వర్), ఎస్‌డీ-యాక్సెస్ (కంట్రోలర్‌తో నడిపే సిస్కో క్యాంపస్ నెట్‌వర్క్, దీన్నే ఫ్యాబ్రిక్ అంటాం) అన్నీ ఒకేసారి అప్రూవ్ అయ్యాయి.

ఎస్‌డీ-యాక్సెస్ మాకు ఫ్యాషన్ కోసం కాదు, నిజంగా అవసరం ఉంది. ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ఓడీసీ (ఆ క్లయింట్ పనికే పెట్టిన ఆఫ్‌షోర్ డెవలప్‌మెంట్ సెంటర్), వాళ్ల నెట్‌వర్క్ విడిగా ఉండాలని కాంట్రాక్ట్‌లోనే రాసుంటుంది. ఇప్పుడు అదంతా వీల్యాన్‌లు (అవే స్విచ్‌ల మీద విడదీసిన నెట్‌వర్క్‌లు), ఏసీఎల్‌లతో (ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చో చెప్పే రూల్స్) లాగుతున్నాం, ఒక టీమ్ మూడో ఫ్లోర్ నుంచి ఏడో ఫ్లోర్‌కి మారిందంటే వీల్యాన్ అక్కడిదాకా సాగదీయాలి, ట్రంక్‌లు, ఏసీఎల్‌లు, ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ మళ్లీ ముట్టుకోవాలి, ఎవరు ఎప్పుడు ఏ లైన్ కలిపారో ఎవరికీ తెలీదు, తీసేయాలంటే భయం.

సమస్య ఏంటంటే ఇంప్లిమెంట్ చేసే పార్ట్‌నర్ వాళ్లు ఒక్క వీకెండ్‌లో బిల్డింగ్ మొత్తం అంటున్నారు. పాత స్విచ్‌లు దించడం, కొత్తవి ఎక్కించడం, ఫ్యాబ్రిక్, ఐఎస్ఈలో డాట్1ఎక్స్ (పోర్టు దగ్గరే లాగిన్ చెకింగ్) క్లోజ్డ్ మోడ్, అన్నీ శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రిలోపు. మా మేనేజర్‌గారికి ఆ ప్లాన్ నచ్చింది, ఎందుకంటే మాకు యూఎస్ షిఫ్ట్‌లు, శుక్రవారం రాత్రి పని శనివారం పొద్దున దాకా నడుస్తుంది, మళ్లీ అలాంటి విండో అడగడం కష్టం. నాకేమో ముందు స్విచ్‌లు మామూలు కాన్ఫిగ్‌తో మార్చేసి, కొన్ని నెలలు ఆగి ఫ్యాబ్రిక్‌కి వెళ్దాం అనిపిస్తోంది. ఏది కరెక్ట్?

ఇంకో మూడు చిన్న డౌట్లు. ఖర్చు తగ్గించడానికి చిన్న ఫ్లోర్లలో 9200ఎల్ పెడదాం అంటున్నారు, పర్లేదా? మా హెడ్ ఆఫీస్ టెక్సస్‌లో ఉంది, అక్కడ కాటలిస్ట్ సెంటర్ (స్విచ్‌లన్నిటినీ నడిపే కంట్రోలర్) ఆల్రెడీ ఉంది, దానితోనే ఇక్కడి స్విచ్‌లు కూడా మేనేజ్ చేయమంటున్నారు, ఇంకోటి కొనక్కర్లేదని. అది నడుస్తుందా? స్విచ్ సాఫ్ట్‌వేర్, అంటే ఐఓఎస్ ఎక్స్ఈ, ఏ వెర్షన్ ఎక్కించాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

డాలస్_కోర్_అన్న

తమ్ముడూ, నువ్వన్నదీ పార్ట్‌నర్ అన్నదీ రెండూ వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

పార్ట్‌నర్ మూడు పనుల్ని ఒక మూటలో కట్టాడు. హార్డ్‌వేర్ మార్చడం ఒకటి, ఫ్యాబ్రిక్‌లోకి రావడం రెండు, ఐఎస్ఈతో పోర్టులు లాక్ చేయడం మూడు. నువ్వు మొదటిదాన్ని రెండోదాన్నుంచి విడదీద్దాం అంటున్నావు. వినడానికి జాగ్రత్తగానే ఉంది కానీ అది ప్రతి ఫ్లోర్‌నీ రెండుసార్లు పడగొట్టే పని. ల్యాన్ ఆటోమేషన్‌తో (కంట్రోలర్ తనే కాన్ఫిగ్ ఎక్కించే పద్ధతి) స్విచ్ అండర్‌లేలోకి (ఫ్యాబ్రిక్ కింద స్విచ్‌లని కలిపే పునాది నెట్‌వర్క్) రావాలంటే దాని మీద కాన్ఫిగ్ ఏమీ ఉండకూడదు, డబ్బాలోంచి తీసినట్టుండాలి, అప్పుడే ప్లగ్ అండ్ ప్లే ఏజెంట్ లేచి, అడ్రస్ తీసుకుని, లూప్‌బ్యాక్, ఐఎస్-ఐఎస్ అన్నీ ఎక్కించుకుంటుంది. నువ్వు ఇప్పుడు వీల్యాన్ కాన్ఫిగ్ పెట్టి ప్రొడక్షన్‌లో నడిపావనుకో, తర్వాత ఫ్యాబ్రిక్‌కి వెళ్లేటప్పుడు అది మొత్తం తుడవాలి లేదా అండర్‌లే చేత్తో రాయాలి. అంటే ఆ ఫ్లోర్ వాళ్లకి మళ్లీ డౌన్‌టైమ్, మళ్లీ ఛేంజ్ టికెట్, మళ్లీ క్లయింట్ అప్రూవల్. కొత్త స్విచ్ ఖాళీగా చేతిలో ఉన్న రోజే దాన్ని ఫ్యాబ్రిక్‌లో పెట్టడానికి మంచి రోజు, ఆ అవకాశం మళ్లీ రాదు.

విడదీయాల్సింది మూడోదాన్ని. హార్డ్‌వేర్, ఫ్యాబ్రిక్ కలిపి చెయ్, పాలసీ తర్వాత. మొదటి రోజు పోర్టులన్నీ ఓపెన్‌గా ఉండాలి, ఎస్‌జీటీ మ్యాట్రిక్స్ (ఏ గ్రూప్ ఏ గ్రూప్‌తో మాట్లాడొచ్చో చెప్పే పట్టిక) డిఫాల్ట్ పర్మిట్‌లో ఉండాలి. మూడూ కలిపి చేస్తే సోమవారం పొద్దున ఒకడికి నెట్ రాకపోతే అది కేబులా, ఎంటీయూనా, లిస్ప్ రిజిస్ట్రేషనా, సర్టిఫికెట్టా అని నలుగురు నాలుగు వైపులా చూస్తుంటారు, ఎవరికీ దొరకదు.

బిల్డింగ్ మొత్తం ఒకే వీకెండ్ కూడా వద్దు. కొత్త 9500లు పాత కోర్ పక్కనే నిలబెట్టు, ఫ్లోర్ రాక్‌లో పాత స్టాక్ కదపకుండా కొత్త 9300 స్టాక్ కింద పెట్టు, దానికి వేరే ఫైబర్ జత మీద కొత్త 9500లకి అప్‌లింక్ ఇవ్వు. పగలే ల్యాన్ ఆటోమేషన్ అయిపోతుంది, యూజర్లకి తెలీదు కూడా. రాత్రికి ప్యాచ్ కార్డ్‌లు ఒక్కొక్కటే అటు నుంచి ఇటు మార్చడమే, ఏదైనా తేడా వస్తే ఆ కార్డ్ వెనక్కి పెట్టేయడమే రోల్‌బ్యాక్. దీనికి కావాల్సినవి రాక్‌లో ఖాళీ యూలు (స్విచ్ పట్టే అరలు), ఖాళీ ఫైబర్ కోర్‌లు, యూపీఎస్‌లో రెండు స్టాక్‌ల లోడ్ మోసే కెపాసిటీ. ఈ మూడూ ఏ ఫ్లోర్‌లో ఉన్నాయో రేపే వెళ్లి చూసిరా, మిగతా ప్లాన్ అంతా దాని మీదే నిలబడుతుంది. ఇంకోటి, వీకెండ్‌లో ఫెసిలిటీస్ వాళ్లు కరెంటు ఖర్చు తగ్గించడానికి ఫ్లోర్ ఏసీ ఆపేస్తారు చాలా ఆఫీసుల్లో, ఆ రాత్రి చిన్న రూమ్‌లో రెండు స్టాక్‌లు పీఓఈతో నడుస్తుంటే వేడి మామూలుగా ఉండదు, వాళ్లకి ముందే మెయిల్ పెట్టు.

ఇక ఎంటీయూ, అంటే లింక్ మీద వెళ్లగలిగే ప్యాకెట్ గరిష్ఠ సైజ్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్యాబ్రిక్‌లో ప్రతి ప్యాకెట్‌కీ వీఎక్స్‌ల్యాన్ హెడర్ తగులుతుంది, ఉత్తరం కవర్ మీద ఇంకో కవర్ వేసినట్టు, 50 బైట్లు పెరుగుతుంది. 1500 ప్యాకెట్ కాస్తా 1550 అవుతుంది, దారిలో ఎక్కడైనా 1500 దగ్గర ఆగిన లింక్ ఉంటే అక్కడ పడిపోతుంది. స్విచ్‌లన్నిటి మీదా సిస్టమ్ ఎంటీయూ 9100 పెట్టమని సిస్కో డిజైన్ గైడ్‌లోనే ఉంది. మీ స్విచ్‌ల మీద పెట్టడం తేలికే, మీ రెండు బిల్డింగుల మధ్య ఏముంది అనేది అసలు ప్రశ్న. సొంత డార్క్ ఫైబర్ అయితే గొడవ లేదు, ప్రొవైడర్ ఇచ్చిన మెట్రో ఈథర్‌నెట్ అయితే వాళ్లు 1500కే సెట్ చేసి ఉండొచ్చు. డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి పెద్ద సైజ్ పింగ్ కొట్టి చూడు, వాళ్ల మాట మీద నమ్మకు. ఈ తేడా ఎలా కనిపిస్తుందంటే మామూలు పింగ్ వెళ్తుంది, డీహెచ్‌సీపీ అడ్రస్ వస్తుంది, లాగిన్ పేజీ సగం తెరుచుకుని అక్కడే తిరుగుతూ ఉంటుంది, ఫైల్ కాపీ కదలదు. అందరూ అప్లికేషన్ టీమ్‌ని తిడతారు.

టెక్సస్ కాటలిస్ట్ సెంటర్ సంగతి. స్విచ్‌కీ కాటలిస్ట్ సెంటర్‌కీ మధ్య రౌండ్ ట్రిప్ 100 మిల్లీసెకన్లలోపు ఉండాలి, గరిష్ఠంగా 200 దాకా సపోర్ట్. ఇక్కడ టెక్సస్ నుంచి హైదరాబాద్‌కి మామూలుగానే 200 దాటుతుంది. మీ ఎంపీఎల్ఎస్ లింక్ మీద ఒక రోజంతా పింగ్ పెట్టి ఆ లెక్క మేనేజర్‌కి చూపించు, మాటలక్కర్లేదు. వైర్‌లెస్ కూడా ఫ్యాబ్రిక్‌లోకి తెచ్చేట్టయితే ఇంకా కఠినం, యాక్సెస్ పాయింట్‌కీ డబ్ల్యూఎల్‌సీకీ (వైర్‌లెస్ కంట్రోలర్) మధ్య 20 మిల్లీసెకన్లలోపు ఉండాలి, కంట్రోలర్ మీ క్యాంపస్‌లోనే ఉండాలన్నమాట.

9200ఎల్ గురించి. తక్కువ ధరకి మంచి స్విచ్చే, మామూలు ఆఫీసుకి చాలు. కానీ నువ్వు ఓడీసీకి ఒక వర్చువల్ నెట్‌వర్క్ ఇద్దామనే కదా ఇదంతా చేస్తున్నావు. 9300లో 256 వీఎన్‌ల దాకా వెళ్లొచ్చు, 9200లో నాలుగు, 9200ఎల్‌లో ఒకటి. ఇవాళ ఆ ఫ్లోర్‌లో ఒకే క్లయింట్ ఉన్నాడు కదా అని పెడతారు, రేపు అక్కడికి ఇంకో ప్రాజెక్ట్ వస్తే అక్కడే ఆగిపోతావు, ఏ బాధ పోవాలని ఇంత ఖర్చు పెడుతున్నారో అదే బాధ ఆ ఫ్లోర్‌లో మిగిలిపోతుంది. పైగా 9200ఎల్‌లో అప్‌లింక్‌లు ఫిక్స్‌డ్, మాడ్యూల్ మార్చలేవు.

పరవాడ_ప్లాంట్_ఐటీ

పైన అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతా, ఎందుకంటే ఇది ఆఫీసు వాళ్లు పట్టించుకోరు, మాలాంటి ఫార్మా ప్లాంట్ వాళ్లకి మాత్రం ప్రాణం మీదకి వస్తుంది. సైలెంట్ హోస్ట్‌లు.

మామూలు వీల్యాన్‌లో ఎవరైనా ఒక మెషీన్‌ని వెతికితే ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ అన్ని పోర్టులకీ వెళ్తుంది, ఆ మెషీన్ నేనిక్కడున్నా అని జవాబిస్తుంది. ఎస్‌డీ-యాక్సెస్ ఫ్యాబ్రిక్‌లో బ్రాడ్‌కాస్ట్ డిఫాల్ట్‌గా అలా పారదు. ఎడ్జ్ స్విచ్ తన పోర్టు మీద హోస్ట్ మాట్లాడినప్పుడు, అంటే డీహెచ్‌సీపీ అడిగినప్పుడో ఏఆర్‌పీ పంపినప్పుడో, దాన్ని గుర్తుపట్టి కంట్రోల్ ప్లేన్ నోడ్‌లో (ఎవరు ఎక్కడున్నారో రాసుకునే చోటు) లిస్ప్ ద్వారా రిజిస్టర్ చేస్తుంది. మిగతా ఎడ్జ్‌లు ఆ రిజిస్టర్ చూసే ప్యాకెట్ పంపుతాయి. మరి స్టాటిక్ ఐపీతో కూర్చుని ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పని డివైస్ ఉంటే? అది రిజిస్టర్ కాదు, రిజిస్టర్ కాలేదు కాబట్టి ఎవరూ దాన్ని అడగలేరు, ఎవరూ అడగరు కాబట్టి అది మాట్లాడదు. కేబుల్ బాగానే ఉంటుంది, లింక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, మెషీన్ మాత్రం నెట్‌వర్క్‌లో లేనట్టే.

మా ప్లాంట్‌లో బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్) కంట్రోలర్లు, వెయింగ్ బ్యాలెన్స్ పక్కనుండే లేబుల్ ప్రింటర్లు, కోల్డ్ రూమ్ టెంపరేచర్ లాగర్లు ఇలాంటివే. మీ ఆఫీసులో కూడా ఉంటాయి చూడండి, డోర్ యాక్సెస్ కంట్రోలర్లు, పాత ప్రింటర్లు, యూపీఎస్ మేనేజ్‌మెంట్ కార్డులు, వేక్ ఆన్ ల్యాన్ మీద రాత్రిపూట లేపే డెస్క్‌టాప్‌లు. వీటి లిస్టు నెట్‌వర్క్ టీమ్ దగ్గర ఎప్పుడూ ఉండదు, అడ్మిన్ దగ్గరా సెక్యూరిటీ సూపర్‌వైజర్ దగ్గరా ఉంటుంది, వాళ్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ రాసుకోవాలి, ఇంకో దారి లేదు.

మందు ఉంది. కుదిరినవాటిని డీహెచ్‌సీపీకి మార్చి రిజర్వేషన్ ఇవ్వండి, లీజ్ రెన్యూ చేసినప్పుడల్లా అవి మాట్లాడతాయి. మార్చలేనివాటికి విడిగా ఒక చిన్న ఐపీ పూల్ పెట్టి ఆ ఒక్క పూల్‌కే లేయర్ 2 ఫ్లడింగ్ (పాత వీల్యాన్‌లా బ్రాడ్‌కాస్ట్ అందరికీ పంపడం) ఆన్ చేయండి. అది పనిచేయాలంటే అండర్‌లేలో మల్టీకాస్ట్ ఉండాలి, ల్యాన్ ఆటోమేషన్ మొదలుపెట్టేటప్పుడే మల్టీకాస్ట్ ఆప్షన్ టిక్ చేసుకోండి, తర్వాత చేత్తో కలపడం కంటే అప్పుడే తేలిక. అన్ని పూల్స్‌కీ ఫ్లడింగ్ ఆన్ చేసేస్తే పోలా అని కొందరంటారు, దయచేసి చేయొద్దు, అలా చేస్తే పాత వీల్యాన్‌నే కొత్త పేరుతో నడుపుతున్నట్టు.

ఇంకోటి, ఫ్లోర్ ఫ్లోర్‌గా మారుస్తారు కాబట్టి కొన్నాళ్లు ఒకే సబ్‌నెట్ సగం పాత వైపు సగం కొత్త వైపు ఉంటుంది. దానికి లేయర్ 2 హ్యాండాఫ్ ఉంది, పాత వీల్యాన్‌ని బోర్డర్ (ఫ్యాబ్రిక్‌ని బయటి నెట్‌వర్క్‌కి కలిపే స్విచ్) దగ్గర ఫ్యాబ్రిక్‌కి కలుపుతుంది, గేట్‌వే మాత్రం ఫ్యాబ్రిక్ వైపుకి వచ్చేస్తుంది, పాత కోర్‌లో ఎస్‌వీఐ (ఆ వీల్యాన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్) తీసేయాలి. ఈ హ్యాండాఫ్‌ని రిడండెన్సీ కోసం రెండు స్విచ్‌ల నుంచి ఇద్దామని బుద్ధి పుడుతుంది, జాగ్రత్త, ఫ్యాబ్రిక్ స్పానింగ్ ట్రీ బీపీడీయూలని (లూప్‌లు పట్టుకునే సందేశాలు) అటు నుంచి ఇటు మోసుకెళ్లదు, రెండు దారులు ఇచ్చారంటే లూప్ అయి కూర్చుంటుంది, ఆపేవాళ్లు ఉండరు.

ఓపెన్_ఈవీపీఎన్

అందరూ ఎస్‌డీ-యాక్సెస్ ఖాయం అన్నట్టే మాట్లాడుతున్నారు, నేను వేరే మాట చెప్తా. అవే 9300లు, 9500ల మీద బీజీపీ ఈవీపీఎన్, వీఎక్స్‌ల్యాన్ నడుస్తాయి, ఓపెన్ స్టాండర్డ్, వీఆర్ఎఫ్‌లతో (విడివిడి రూటింగ్ టేబుళ్లు) ఓడీసీలు విడదీయొచ్చు, కాన్ఫిగ్ ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్‌తో తోయొచ్చు. కాటలిస్ట్ సెంటర్ అప్లయన్స్ ఖర్చు లేదు, కంట్రోలర్ వెర్షన్‌కీ స్విచ్ వెర్షన్‌కీ పొత్తు చూసుకునే గొడవ లేదు. ఎస్‌డీ-యాక్సెస్‌లో లైసెన్స్ కూడా చూసుకోండి, అడ్వాంటేజ్ కావాలి, అందులో నెట్‌వర్క్ ముక్క శాశ్వతం కానీ డీఎన్ఏ ముక్క టర్మ్, 3 ఏళ్లు, 5 ఏళ్లు, 7 ఏళ్లు అలా, అది ప్రతిసారీ రెన్యూ చేయాలి. కొనేటప్పుడు డిస్కౌంట్ ఇస్తారు, రెన్యువల్‌కి అదే డిస్కౌంట్ ఉంటుందని ఎవరూ రాసివ్వరు. ఇప్పుడే రాతలో తీసుకోండి.

డాలస్_కోర్_అన్న

ఈవీపీఎన్ మాట నిజమే, నేను కాదనను, లైసెన్స్ మాట అయితే బంగారం. కానీ తమ్ముడి టీమ్‌లో బీజీపీ చేత్తో రాసి, ఆన్సిబుల్ ప్లేబుక్‌లు రోజూ చూసుకునేవాళ్లు ఎంతమంది? వాళ్లు మానేసి వేరే కంపెనీకి వెళ్తే? ఒక్కడి మీద నిలబడే నెట్‌వర్క్ కంటే డబ్బు కట్టినా కంట్రోలర్ ఉన్న నెట్‌వర్క్ మేలు, ముఖ్యంగా ఆడిటర్ వచ్చి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించమనే చోట. టీమ్‌లో ఆ చేయి ఉంటే మాత్రం ఈవీపీఎన్ గురించి సీరియస్‌గా ఆలోచించొచ్చు.

డాట్1ఎక్స్_బెంగళూరు

నాది ఐఎస్ఈ పని, అందుకే క్లోజ్డ్ మోడ్ అన్న మాట చూడగానే ఆగలేకపోయా. మొదటి రోజు క్లోజ్డ్ మోడ్ ఎవరు పెట్టమన్నా ఒప్పుకోకండి. క్లోజ్డ్‌లో ఆథెంటికేషన్ అయ్యేదాకా పోర్టు ఏమీ పోనివ్వదు, డీహెచ్‌సీపీ కూడా. ల్యాప్‌టాప్‌ల సంగతి ఎలాగో తేలుతుంది, ఐపీ ఫోన్లు, కాన్ఫరెన్స్ రూమ్ డివైస్‌లు, థిన్ క్లయింట్లు, సీసీ కెమెరాలు, వీటికి సప్లికెంట్ (డాట్1ఎక్స్ లాగిన్ సాఫ్ట్‌వేర్) ఉండదు, మ్యాబ్ (మ్యాక్ అడ్రస్ చూసి రానివ్వడం) మీద రావాలి, వాటి మ్యాక్ అడ్రస్‌లు ఐఎస్ఈకి ముందే తెలియాలి.

ఓపెన్ మోడ్‌లో పెట్టండి, డాట్1ఎక్స్, మ్యాబ్ రెండూ నడుస్తూనే ఉంటాయి, ఫెయిలైనా పోర్టు మూయదు, ఐఎస్ఈలో లైవ్ లాగ్స్‌లో ఎర్రగా కనిపిస్తుంది అంతే. రోజూ పొద్దున ఆ ఎర్రవి చూసి ఒక్కొక్కటే ప్రొఫైల్‌లో పెట్టండి. నెలాఖరు పేరోల్ రోజులు, క్వార్టర్ ఎండ్, ఎప్పుడో ఒకసారి ఆన్ చేసే ట్రైనింగ్ రూమ్ మెషీన్లు, ఇవన్నీ ఒకసారి కనిపించి వెళ్లేదాకా ఆగండి. లాగ్స్ శుభ్రంగా ఉన్నాయనుకున్నాకే లో ఇంపాక్ట్ (కొంత ట్రాఫిక్ మాత్రమే వదిలే మధ్య మోడ్), ఆ తర్వాత ఫ్లోర్ ఫ్లోర్‌గా క్లోజ్డ్.

ఐఎస్ఈ అందకపోతే ఏమవుతుంది అనేది కూడా ముందే తేల్చుకోండి. క్రిటికల్ వీల్యాన్, క్రిటికల్ వాయిస్ కాన్ఫిగ్ ఉందో లేదో చూడటం కాదు, ఒక టెస్ట్ స్విచ్ మీద రేడియస్ దారి (స్విచ్ ఐఎస్ఈతో మాట్లాడే దారి) మూసేసి కొత్త ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. ఓడీసీల విషయంలో ఇది మేనేజ్‌మెంట్ నిర్ణయం, ఐఎస్ఈ లేనప్పుడు లోపలికి రానిచ్చి పని సాగనివ్వాలా, లేదా ఆపేయాలా అని కొందరు క్లయింట్లు కాంట్రాక్ట్‌లోనే రాస్తారు, అది మీరూ నేనూ తేల్చేది కాదు.

డీహెచ్‌సీపీ సర్వర్ గురించి కూడా. ఫ్యాబ్రిక్‌లో అన్ని ఎడ్జ్‌లకీ ఒకటే ఎనీక్యాస్ట్ గేట్‌వే అడ్రస్, మరి సర్వర్ నుంచి జవాబు వస్తే ఏ ఎడ్జ్‌కి పంపాలో బోర్డర్‌కి ఎలా తెలుస్తుంది? ఎడ్జ్ తన అడ్రస్‌ని డీహెచ్‌సీపీ మెసేజ్‌లోని ఆప్షన్ 82 అనే ఫీల్డ్‌లో రాసి పంపుతుంది, సర్వర్ దాన్ని అలాగే తిప్పి పంపాలి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి తిప్పి పంపుతుంది, మరీ పాత సర్వర్ ఏదైనా మూలన ఉంటే, లేదా మధ్యలో ఫైర్‌వాల్ ఏదైనా ఆప్షన్ 82ని తీసేస్తుంటే, ఎవరికీ అడ్రస్ రాదు.

గచ్చిబౌలి_యాక్సెస్_లేయర్

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అండి, చాలా థ్యాంక్స్ అందరికీ. ఇవాళ ఫ్లోర్లన్నీ తిరిగి చూశా. మొదటి బిల్డింగ్‌లో రాక్ స్పేస్, ఫైబర్ కోర్‌లు ఉన్నాయి. రెండో బిల్డింగ్ పాతది, కొన్ని ఫ్లోర్లకి ఒకే సింగిల్ మోడ్ జత మిగిలుంది, అదీ ఇప్పటి స్టాక్ వాడుతోంది. సైలెంట్ హోస్ట్‌ల లిస్టుకి అడ్మిన్ వాళ్లతో కూర్చుంటున్నా, డోర్ కంట్రోలర్లు అన్నీ స్టాటిక్ ఐపీలే అని ఇప్పుడే తెలిసింది, పరవాడ అన్నకి ప్రత్యేకంగా థ్యాంక్స్. టెక్సస్‌కి పింగ్ పొద్దున్నుంచి పెట్టా, ఒక్కసారి కూడా 200 లోపు రాలేదు, ఆ డౌట్ తీరిపోయింది.

రెండు విషయాలు మిగిలాయి. ఒకే ఫైబర్ జత ఉన్నచోట పక్కపక్కన పెట్టడం ఎలా? ఇమేజ్ వెర్షన్ ప్రశ్నకి కూడా ఎవరూ జవాబివ్వలేదు.

డాలస్_కోర్_అన్న

ఫైబర్ జతలో రెండు పోగులు ఉంటాయి కదా, 10జీ బైడై ఎస్ఎఫ్‌పీ పెడితే ఒక్కో పోగు మీదే రెండు వైపులా ట్రాఫిక్ వెళ్తుంది, వెళ్లేది ఒక తరంగదైర్ఘ్యం, వచ్చేది ఇంకోటి. ఒక పోగు పాత స్టాక్‌కి, ఒక పోగు కొత్త స్టాక్‌కి. సింగిల్ మోడ్ అన్నావు కాబట్టి కుదురుతుంది. డి, యు అని రెండు రకాలు ఉంటాయి, ఒక చివర ఒకటి ఇంకో చివర ఇంకోటి పెట్టాలి, ఆర్డర్‌లో రెండూ సమానంగా ఉన్నాయో చూసుకో, పాత స్విచ్‌లు ఆ ఎస్ఎఫ్‌పీ తీసుకుంటాయో లేదో కూడా సిస్కో ఆప్టిక్స్ మ్యాట్రిక్స్‌లో చూడు. పాత స్టాక్ తీసేశాక రెండో పోగు కూడా కొత్తదానికే వస్తుంది, రెండు 9500లకీ ఒక్కో అప్‌లింక్. పాత స్విచ్‌లు ఆ ఎస్ఎఫ్‌పీ ఒప్పుకోకపోతే ఆ ఫ్లోర్లు మాత్రం ఒకేసారి కటోవర్ చేసుకో, సంక్రాంతి సెలవులు చూసుకో, హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, కానీ పార్ట్‌నర్ ఇంజినీర్లు కూడా ఊళ్లకి పోతారు, వాళ్ల దగ్గర పేర్లతో సహా మాట తీసుకో.

ఇమేజ్ గురించి. ఎక్స్ఈలో ప్రతి మూడో రిలీజ్‌కి ఎక్కువ కాలం సపోర్ట్ ఉంటుంది, 17.12, 17.15 అలాంటివి. మధ్యలోవి తీసుకోకు, వాటికి ప్యాచ్‌లు ఏడాదికే ఆగిపోతాయి. వాటిలో ఏది అనేది కాటలిస్ట్ సెంటర్ ఎస్‌డీ-యాక్సెస్ కంపాటిబిలిటీ మ్యాట్రిక్స్ తేలుస్తుంది, నీ కాటలిస్ట్ సెంటర్ వెర్షన్, ఐఎస్ఈ వెర్షన్, 9800 వైర్‌లెస్ కంట్రోలర్ ఉంటే దాని వెర్షన్ పెడితే స్విచ్‌కి ఏది రికమెండెడ్ అనేది చెప్తుంది. తర్వాత అప్‌గ్రేడ్ చేసేటప్పుడు కూడా ముందు కంట్రోలర్, తర్వాత స్విచ్‌లు, తనకి తెలియని వెర్షన్ స్విచ్ మీద ఉంటే కంట్రోలర్ దాన్ని సరిగ్గా నడపలేదు.

కొత్త స్విచ్‌లు ఫ్లోర్‌కి వెళ్లకముందే బెంచ్ మీద స్టాక్ చేసి, నంబర్లు, ప్రయారిటీలు సెట్ చేసి, అన్నిటికీ ఒకే ఇమేజ్ ఇన్‌స్టాల్ మోడ్‌లో ఎక్కించు, బండిల్ మోడ్‌లో వదలకు, కాటలిస్ట్ సెంటర్ ఇమేజ్ మేనేజ్‌మెంట్‌కి ఇన్‌స్టాల్ మోడే కావాలి. స్టాక్‌లో అన్నిటికీ లైసెన్స్ లెవెల్ ఒకటే ఉండాలి, ఒకటి ఎసెన్షియల్స్ ఒకటి అడ్వాంటేజ్ అయితే కలవవు. 9300తో 9300ఎల్ స్టాక్ అవ్వదు, ఆర్డర్‌లో ఎల్ అక్షరం ఎక్కడైనా దూరిందేమో చూడు. అంతా అయ్యాక పీఎన్‌పీఏ సర్వీస్ రీసెట్ కమాండ్ కొడితే కాన్ఫిగ్ తుడుచుకుని కొత్తదానిలా లేస్తుంది. ఇమేజ్ మారాక మొదటి బూట్‌లో బూట్‌లోడర్, పీఓఈ మైక్రోకోడ్ కూడా అప్‌డేట్ అవుతాయి, కన్సోల్ మీద చాలాసేపు ఏమీ కదలనట్టుంటుంది, హ్యాంగ్ అయిందనుకుని పవర్ పీకొద్దు, బెంచ్ దగ్గర ఎవరున్నా వాళ్లకి గట్టిగా చెప్పు.

డాట్1ఎక్స్_బెంగళూరు

ఇమేజ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2023 అక్టోబర్‌లో ఐఓఎస్ ఎక్స్ఈ వెబ్ యూఐ మీద వచ్చిన సీవీఈ-2023-20198 గుర్తుంది కదా, తీవ్రత 10కి 10, పాస్‌వర్డ్ లేకుండానే బయటివాడు పూర్తి హక్కులున్న యూజర్‌ని సృష్టించేశాడు. ఇప్పటి ఇమేజ్‌లలో అది సరిచేశారు, అయినా స్విచ్ మీద వెబ్ పేజీ తెరిచి ఉంచే పనేముంది. కాకపోతే గెస్ట్ పోర్టల్ రీడైరెక్ట్ వాడితే హెచ్‌టీటీపీ సర్వర్ పూర్తిగా ఆపకూడదు, రీడైరెక్ట్ ఆగిపోతుంది. అప్పుడు సర్వర్ ఆన్‌లోనే ఉంచి ఐపీ హెచ్‌టీటీపీ యాక్టివ్-సెషన్-మాడ్యూల్స్ నన్, అలాగే సెక్యూర్ దానికి కూడా అదే కమాండ్ ఇవ్వండి, వెబ్ యూఐ పోతుంది, రీడైరెక్ట్ ఉంటుంది. దీన్ని కాటలిస్ట్ సెంటర్ టెంప్లేట్‌లో పెడితే ప్రతి కొత్త స్విచ్‌కీ తనే వెళ్తుంది.

గచ్చిబౌలి_యాక్సెస్_లేయర్

మేనేజర్‌గారితో మాట్లాడా. మొదటి బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్, మన ఇంటర్నల్ టీమ్‌లు కూర్చునేది, పైలట్‌గా తీసుకుంటున్నాం, క్లయింట్ ఓడీసీ ఏదీ కాదు. హార్డ్‌వేర్, ఫ్యాబ్రిక్ కలిపి, పోర్టులు ఓపెన్ మోడ్‌లో. 9200ఎల్‌లు ఆర్డర్‌లోంచి తీయించా. పార్ట్‌నర్ వాళ్లు స్కోప్ మారిందని కొత్త కొటేషన్ ఇస్తామన్నారు, ఇవ్వనివ్వండి. క్లయింట్ల ఫైర్‌వాల్‌లలో మా సోర్స్ సబ్‌నెట్‌లు అలో లిస్టుల్లో ఉన్నాయి, అందుకని ఓడీసీల అడ్రస్‌లు మార్చకుండా అవే పూల్స్‌గా ఫ్యాబ్రిక్‌లోకి తీసుకుందాం అనుకుంటున్నా, అది తప్పేం కాదు కదా?

పరవాడ_ప్లాంట్_ఐటీ

తప్పేం కాదు, అదే మంచిది. కొత్త పెద్ద సబ్‌నెట్‌లు ఇంటర్నల్ టీమ్‌లకి పెట్టుకోండి, ఫ్లడింగ్ లేదు కాబట్టి పెద్దదైనా ఇబ్బంది లేదు. ఓడీసీలవి పాతవే ఉంచండి, ఒక్కో క్లయింట్‌తో అలో లిస్ట్ మార్పించడమంటే వాళ్ల ఛేంజ్ బోర్డుల చుట్టూ నెలలు తిరగాలి. ఒక్కటే చూసుకోండి, సబ్‌నెట్ ఫ్యాబ్రిక్‌లోకి వచ్చిన రాత్రి పాత కోర్‌లో ఆ రూట్ ఎక్కడా మిగలకూడదు, స్టాటిక్ రూట్ ఏదైనా ఫైర్‌వాల్‌లో పాత కోర్ వైపు చూపిస్తుంటే వెళ్లేది ఒక దారి, వచ్చేది ఇంకో దారి అయి ఫైర్‌వాల్ సెషన్ డ్రాప్ చేస్తుంది. కటోవర్ షీట్‌లో ఆ లైన్ సబ్‌నెట్‌వారీగా రాసుకోండి. పైలట్ అయ్యాక డోర్ కంట్రోలర్లు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి, మా దగ్గర రెండో ప్లాంట్ కూడా మార్చాలి.